థైరాయిడ్ వాపుకు కావలసింది క్రమం తప్పని కొలత

ఉప్పులో అయోడిన్ కలపడం స్వతంత్ర భారత ప్రజారోగ్య చరిత్రలో అతి చవకైన, అతి ఫలవంతమైన చర్యల్లో ఒకటి. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి బృందం 1956లో నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో అధ్యయనం మొదలుపెట్టింది. అయోడిన్ ఉప్పు వాడితే గాయిటర్, అంటే థైరాయిడ్ గ్రంథి వాపు, బాగా తగ్గుతుందని అది నిరూపించింది. దాని వెలుగులోనే 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. 1992లో దాని పేరు అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ కార్యక్రమంగా మారింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 94 శాతం ఇళ్లలో అయోడిన్ ఉప్పు వాడుతున్నారు.

వాపు రాకుండా చూడటంలో ఇది పెద్ద విజయం. అయితే ఇప్పటికే వాపు ఉన్నవారి సంగతేమిటి? అయోడిన్ లోపంతో సంబంధం లేని కారణాలతో వాపు వచ్చినవారి మాటేమిటి? వారికి ఏళ్ల తరబడి ఎవరు, ఎలా, ఎంత కాలానికోసారి పరీక్ష చేయాలన్న దానిపై దేశంలో స్పష్టమైన ఏర్పాటు లేదు. అందుకే ఒకరు పదేళ్లు పట్టించుకోకుండా వదిలేస్తే, మరొకరు ఆరు నెలలకోసారి స్కానింగ్ తీయించుకుంటూ భయంతో బతుకుతున్నారు. ఈ రెండింటికీ మధ్య ఉన్న దారిని ఆరోగ్య వ్యవస్థే చూపించాలి.

పరిమాణం వేరు, పనితీరు వేరు

మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ పెరిగిందంటే అది ఎక్కువగా పనిచేస్తోందనో, తక్కువగా పనిచేస్తోందనో అర్థం కాదు. హషిమోటో వ్యాధిలో గ్రంథి ఉబ్బినా హార్మోన్ క్రమంగా తగ్గవచ్చు. గ్రేవ్స్ వ్యాధిలో వాపుతో పాటు హార్మోన్ విపరీతంగా పెరుగుతుంది. గ్రంథిలో అనేక గడ్డలు ఉన్నా హార్మోన్ మామూలుగానే ఉండేవారూ చాలామంది ఉంటారు.

అందువల్ల ఇక్కడ రెండు వేర్వేరు కొలతలు కావాలి. పనితీరు తెలియడానికి టీఎస్‌హెచ్ రక్తపరీక్ష, ఆకారం తెలియడానికి అల్ట్రాసౌండ్ స్కానింగ్. 'టీఎస్‌హెచ్ నార్మల్, ఇక చూడక్కర్లేదు' అనుకోవడం ఎంత తప్పో, 'గడ్డ ఉంది కాబట్టి థైరాయిడ్ మాత్ర వేసుకోవాలి' అనుకోవడమూ అంతే తప్పు. అయోడిన్ చాలినంత అందేవారిలో గడ్డను కరిగించడానికి థైరాక్సిన్ మాత్రలు ఇచ్చే పద్ధతిని నేటి వైద్య మార్గదర్శకాలు సమర్థించడం లేదు.

ఒక్క రిపోర్టుతో తేలదు

థైరాయిడ్‌లోని గడ్డల్లో నూటికి 90కి పైగా హానిచేయనివే. అనుమానించాల్సినవాటిని వేరుచేయడానికి రేడియాలజిస్టులు టైరాడ్స్ అనే పద్ధతి వాడతారు. గడ్డ ఘనంగా ఉందా, నీటితో నిండి ఉందా, అంచులు ఎలా ఉన్నాయి, కాల్షియం చుక్కలు ఉన్నాయా అని చూసి 1 నుంచి 5 వరకు స్థాయి ఇస్తారు. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ ప్రకటించిన పద్ధతి ప్రకారం 3వ స్థాయి గడ్డ 2.5 సెంటీమీటర్లు, 4వ స్థాయిది 1.5, 5వ స్థాయిది 1 సెంటీమీటరు దాటితేనే సూదితో కణాలు తీసి పరీక్షించాలి. అంతకన్నా చిన్నవాటిలో కొన్నిటిని గమనిస్తూ ఉండాలి. మిగతావాటికి అదీ అక్కర్లేదు.

ఇక గమనించడం అంటే పోల్చడమే. గడ్డ పెరిగిందని చెప్పాలంటే కనీసం రెండు వైపులా 20 శాతం, అదీ 2 మిల్లీమీటర్లకు తగ్గకుండా పెరగాలి, లేదా మొత్తం ఘనపరిమాణం 50 శాతం పెరగాలి. నిరుడు 18 మిల్లీమీటర్లు ఉన్న గడ్డ ఈ ఏడు 20 ఉంటే అది పెరుగుదల కిందికి రాదు. స్కానింగ్ చేసే చేయి మారితే వచ్చే తేడా కూడా అంత ఉంటుంది. ఈ సంగతి తెలియనివారికి ఆ 2 మిల్లీమీటర్లే నిద్ర పట్టనివ్వవు.

మన దగ్గర మాత్రం పాత రిపోర్టు పోతుంది. కొత్త స్కానింగ్ వేరే సెంటర్‌లో జరుగుతుంది. కొన్ని రిపోర్టుల్లో కొలతలు ఉంటే టైరాడ్స్ స్థాయి ఉండదు, మరికొన్నిట్లో 'నాడ్యూల్స్ ఉన్నాయి' అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. పోల్చడానికి ఏమీ లేనప్పుడు ప్రతి పరీక్షా మొదటి పరీక్షే అవుతుంది.

కొరియా నేర్పిన పాఠం

ఎక్కువ పరీక్షలు చేస్తే ఎక్కువ మేలు జరుగుతుందనే వాదన ఒకటి ఉంది. దక్షిణ కొరియా అనుభవం దీనికి జవాబు. అక్కడ ఏ ఇబ్బందీ లేనివారికి కూడా మెడ స్కానింగ్ విరివిగా చేయడంతో 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నమోదు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. మరణాలు మాత్రం తగ్గలేదు. ఆపరేషన్ చేయించుకున్నవారిలో చాలామందికి జీవితాంతం మాత్రలు తప్పలేదు. కొందరికి రక్తంలో కాల్షియం పడిపోయింది, కొందరికి స్వరపేటిక నరం దెబ్బతింది. 2014లో అక్కడి వైద్యులు కొందరు బహిరంగంగా హెచ్చరించాక ఏడాదిలోనే ఆపరేషన్లు మూడో వంతుకు పైగా తగ్గాయి.

ఈ ఉదాహరణ నిర్లక్ష్యానికి సాకు కాకూడదు. వాపు వారాల్లోనే పెరగడం, గొంతు బొంగురుపోయి తగ్గకపోవడం, మింగడం కష్టం కావడం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, గడ్డ రాయిలా గట్టిగా ఉండటం, మెడ పక్కన బిళ్లలు కట్టడం వంటి లక్షణాలుంటే తదుపరి పరీక్ష తేదీ కోసం చూడకుండా వెంటనే వైద్యుడిని కలవాలి.

ఇంట్లో పాటించాల్సినవి

రోజువారీ జీవితంలో జాగ్రత్తలు కొన్నే, కానీ అవి ముఖ్యం. థైరాక్సిన్ మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగాకే కాఫీ తాగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. జుట్టు కోసం వాడే బయోటిన్ రక్తపరీక్ష ఫలితాన్ని తారుమారు చేయగలదు కాబట్టి ఆ విషయం ముందే చెప్పాలి. గడ్డలున్నవారు సీటీ స్కాన్‌కు వెళ్లినప్పుడూ ఆ సంగతి చెప్పాలి, ఎందుకంటే స్కాన్ మందులోని అయోడిన్ కొందరిలో హార్మోన్‌ను ఒక్కసారిగా పెంచుతుంది. వండిన క్యాబేజీ మామూలు మోతాదులో తింటే భయం లేదు. ఆరోగ్యం పేరుతో సైంధవ లవణానికి మారడం మాత్రం మంచిది కాదు, అందులో చాలినంత అయోడిన్ ఉండదు. 2018-19 అయోడిన్ సర్వేలో తగినంత అయోడిన్ ఉన్న ఉప్పు వాడే ఇళ్లు దేశంలో 76.3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 63.9 శాతమే.

ప్రభుత్వం చేయాల్సింది

దీనికి కొత్త ఆసుపత్రులు అక్కర్లేదు. ప్రతి థైరాయిడ్ స్కానింగ్ రిపోర్టులో గడ్డల కొలతలు, టైరాడ్స్ స్థాయి, పాత రిపోర్టుతో పోలిక ఉండాలని నిబంధన పెడితే చాలావరకు దారి సుగమమవుతుంది. ఆ రిపోర్టులను ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్‌లో చేర్చితే రోగి ఊరు మారినా, వైద్యుడు మారినా కొలతల వరుస చెడదు. రక్తపోటు, మధుమేహం ఉన్నవారి వివరాలు రాసుకునే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే మెడ పరీక్ష, టీఎస్‌హెచ్ ఫలితం, తర్వాత రావాల్సిన తేదీ కూడా నమోదు చేయవచ్చు.

అది జరిగేదాకా వాపు ఉన్నవారు ఒక ఫైలు పెట్టుకుని, స్కానింగ్‌కు వెళ్లిన ప్రతిసారీ పాత రిపోర్టును రేడియాలజిస్టు ముందు పెట్టాలి. 'పోయినసారి కంటే పెరిగిందా?' అన్న ప్రశ్నకు జవాబు రాతపూర్వకంగా అడగాలి.