బొమ్మకు ధర అడగండి

నేను చేసిన మొదటి స్టూలు ఒక్క రాత్రే నిలబడింది.

అనకాపల్లిలో మా నాన్నకు చిన్న వెల్డింగ్ షాపుంది. గేట్లు, కిటికీ గ్రిల్సు, మెట్ల రెయిలింగులు చేస్తాడు. నేను విశాఖపట్నంలో బీఎఫ్‌ఏ శిల్పం చివరి ఏడాది చదువుతున్నాను. రెండో ఏడాది వేసవి సెలవుల్లో పాత ఇనుము కొట్లో చెరకు గానుగ పళ్లచక్రం ఒకటి కనబడింది. తుప్పు గీకితే లోపల నల్లటి నిగనిగ. దాన్ని తెచ్చి, నడుమ పనస చెక్క బిగించి, కింద మూడు కడ్డీలు కాళ్లుగా అతికించాను. పనస చెక్క కోసిన రోజు పసుపు కొమ్ములా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ తేనె రంగుకు తిరుగుతుంది. మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతుంటే షాపులోంచి టప్పున చప్పుడు. వెళ్లి చూస్తే అతుకు పక్కనే వెంట్రుకంత పగులు, చక్రం అంచు దాకా.

నాన్న నవ్వలేదు, తిట్టలేదు. "బీడు కదమ్మా. మామూలు ఇనుము అనుకున్నావా? ఒక్కసారే సల్లారిపోతే పగిలిపోతాది" అన్నాడు. రెండో చక్రం ఆయనే వెతికి తెచ్చాడు. ముందు చక్రమంతా సమంగా వేడి చేయించాడు. మామూలు రాడ్డు పక్కన పెట్టించి నికెల్ రాడ్డు చేతికిచ్చాడు. అంగుళం అతికించు, ఆగు, వేడి మీదే చిన్న సుత్తితో మెల్లగా తట్టు, మళ్లీ అంగుళం. అంతా అయ్యాక బెల్లం పొయ్యి దగ్గర్నుంచి గోనె సంచిలో తెచ్చిన బూడిదలో చక్రాన్ని కప్పెట్టించాడు. తెల్లారి చెయ్యి పెట్టి చూస్తే ఇంకా గోరువెచ్చగానే ఉంది. ఆ స్టూలు ఇప్పటికీ పగల్లేదు.

దాని ధర ఎనిమిది వేలు. ఎలా కట్టానో చెబుతాను. చక్రం పదకొండు కిలోలు, కిలో 45 లెక్కన 495. పనస చెక్క 900. నికెల్ రాడ్లు నాలుగు, 600. కటింగ్ వీల్స్, ఎమరీ పేపరు 250. చెక్కకు నూనె, ఇనుముకు వార్నిష్ 155. విశాఖకు తెచ్చిన ఆటోకు 400. మొత్తం 2,800. పని ఆరు రోజులు పట్టింది. మా షాపులో హెల్పరుకు నాన్న రోజుకు 700 ఇస్తాడు. నాకూ అదే కూలి వేసుకున్నాను, 4,200. ఏడు వేలయింది. పైన వేసిన వెయ్యి, బూడిద దాకా రాకుండానే పగిలిన ఆ మొదటి స్టూలుకి.

కళాకారుల ధరలంటే ఏదో గాల్లోంచి పుడతాయని చాలామంది నమ్మకం. నేను బెల్లం మార్కెట్ పక్కన పెరిగాను. దిమ్మ రంగు చూసి, గీరి నోట్లో వేసుకుని ధర కట్టేవాళ్లను చిన్నప్పట్నుంచీ చూశాను. నా బొమ్మల్లో ఎక్కువ భాగం ఆ దిమ్మలే. బంగారు పసుపు నుంచి దాదాపు నలుపు దాకా, ఏ రెండు దిమ్మలూ ఒక్క రంగులో ఉండవు. రెండడుగులకు మూడడుగుల కాన్వాసు మీద ఆ వరసలు వేయడానికి నాకు పది రోజులకు పైనే పడుతుంది. ప్రదర్శనలో దాని ముందు నిలబడి "అచ్చం మన మార్కెట్టే" అని మురిసిపోయినవాళ్లు, ధర చెప్పగానే "స్టూడెంట్‌వి కదమ్మా, అంతెందుకు?" అంటారు. స్టూడెంట్‌నని దుకాణంలో ఎవరూ రంగులు సగం ధరకివ్వరు.

మన ఇళ్లలో గోడలకు డబ్బు పెట్టడం లేదని అనలేను. కొత్త ఫ్లాట్ల గృహప్రవేశాలకు వెళ్తే హాల్లో ఏడు గుర్రాల బొమ్మ కనబడుతుంది. వాస్తుకు మంచిదని పెద్ద సైజు ప్రింటు, మెరిసే ఫ్రేముతో వేలు పోసి కొంటారు. ఒకాయన నన్నే అడిగి ఆ ఏడు గుర్రాలూ వేయించుకున్నాడు. వేశాను. గుర్రం మెడ కండరాలు కష్టపడి నేర్చుకున్నాను, చెప్పిన డబ్బు చెప్పిన రోజుకి అందింది. ఆ పనికి నేను సిగ్గుపడను. నా బాధంతా వేరు. ప్రింటుకు ధర అడిగి ఇచ్చేవాళ్లే చేత్తో వేసిన బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఊరికే ఇవ్వమనడం మర్యాదే అనుకుంటున్నారు.

నిరుడు ఒక కంపెనీ తమ ప్రహరీ గోడ మీద బొమ్మలు వేయమని మా క్లాసును పిలిచింది. నలభై అడుగుల గోడ, తొమ్మిది మందిమి, అయిదు రోజుల ఎండ. రంగులు వాళ్లే ఇచ్చారు, మధ్యాహ్నం భోజనం పెట్టారు. చివర్లో పేర్లు పిలిచి సర్టిఫికెట్లు ఇచ్చి ఫొటో తీశారు. మాకన్నా ముందు అదే గోడకు తెల్ల రంగు కొట్టిన పెయింటర్లకు రోజు కూలి ఇచ్చారు, పరంజా కట్టినవాళ్లకూ ఇచ్చారు. ఇవ్వాల్సిందే. మా దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మీకు పేరొస్తుంది కదమ్మా" అన్నారు. ఆ నెల హాస్టల్ మెస్సు బిల్లు నాన్న కట్టాడు.

కళను అమ్ముకోవడమా అని నొచ్చుకునే పెద్దలు మా బంధువుల్లోనూ ఉన్నారు. వెంటనే పోతన పేరు ఎత్తుతారు. భాగవతాన్ని రాజులకు ఇవ్వనన్నాడు, నాగలి పట్టి బతికాడు అంటారు. ఆ కథంటే నాకూ గౌరవమే. కానీ ఆ కథలో పొలం ఉంది. పోతన కాదన్నది రాజుగారి దయను. కష్టానికి దక్కే గింజల్ని ఆయన కాదనలేదు. పొలం లేని ఇంట్లోంచి వచ్చిన పిల్లకు గ్రైండరే నాగలి. అది పట్టుకుని బతకనివ్వమనే నేను అడుగుతున్నాను.

ఇంకో మాట కూడా వినబడుతుంటుంది: "ఇది శిల్పమా, సామానా?" కూర్చునేది శిల్పమెలా అవుతుందని. ఈ గొడవ కోర్టు దాకా వెళ్లిన సంగతి మాకు క్లాసులో చెప్పారు. 1926లో శిల్పి బ్రాంకుసీ చేసిన కంచు శిల్పం, 'బర్డ్ ఇన్ స్పేస్', పారిస్ నుంచి న్యూయార్క్ చేరింది. నున్నగా పైకి సాగిన ఆ రూపంలో అక్కడి కస్టమ్స్ వాళ్లకు పక్షి కనబడలేదు. వంటింటి, ఆస్పత్రి సామాన్ల పద్దు కింద రాసి 40 శాతం సుంకం వేశారు. అది కళే అని 1928లో తీర్పొచ్చింది. ఆ కథలో నాకు నచ్చే భాగం ఆ తర్వాతది. అదే బ్రాంకుసీ దగ్గర 1927లో కొన్ని నెలలు సహాయకుడిగా పనిచేసిన ఇసాము నొగుచి, 1951 నుంచి జపాన్‌లోని గిఫులో కాగితం లాంతర్లు చేసేవాళ్లతో కలిసి ఇళ్లలో వెలిగించుకునే దీపాలు చేయించాడు. వాటికి అకారి అని పేరు పెట్టి వందకు పైగా రూపాలు గీశాడు. అవి శిల్పాలేనని ఆయన నమ్మకం.

అంత దూరం పోనక్కర్లేదు. మా అమ్మమ్మ అడకత్తెర చిలక ఆకారంలో ఉండేది. దాని మెడ వంపు సరిగ్గా బొటనవేలికి ఆనేది, అందుకే జారేది కాదు. దీపపు సెమ్మె మీద హంస, ఉయ్యాల గొలుసుల్లో ఏనుగులు, నెమళ్లు. మా జిల్లాలోనే ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి లక్క రంగులద్ది భరిణెలు చేస్తారు. వాడుకునే వస్తువులో శిల్పం చూడటం మన ఇళ్లకు కొత్త కాదు. మధ్యలో ప్లాస్టిక్కు వచ్చి కన్ను తప్పిపోయింది.

నా స్టూలు కొన్నావిడ రిటైరైన లెక్కల టీచరు. ధర విని బేరమాడలేదు, "రెండు వాయిదాల్లో ఇస్తాను, ఫర్వాలేదా?" అని మాత్రం అడిగారు. అయిదు వేలు అప్పుడే ఇచ్చారు, మూడు వేలు పెన్షన్ వచ్చాక. పదిహేను రోజులకు ఫోన్ చేశారు. "పాపా, కూర్చోడానికి హాయిగానే ఉంది గానీ, లేచేటప్పుడు చీర పట్టుకుంటోంది" అన్నారు. వెళ్లి చూస్తే నిజమే. గానుగ పళ్ల అంచులు నాకు అందంగా కనిపించాయి కాబట్టి వాటిని ముట్టుకోలేదు. నేను రోజూ జీన్స్ వేసుకునే కూర్చుని చూసుకున్నాను, నాకు ఎప్పుడూ తగల్లేదు. ఆవిడ వరండాలోనే కూర్చుని, ఆకురాయితో ఒక్కో పన్ను అంచూ గుండ్రంగా అరగదీశాను. ప్రతి పది పళ్లకూ ఆవిడ కొంగు తెచ్చి రాసి చూసేవారు. ముప్పై ఆరు పళ్లు, మధ్యాహ్నమంతా పట్టింది. పని పూర్తయ్యాక చక్రం నా కంటికి ముందుకన్నా బాగుంది. వెలుగు ఒక్కో పన్ను మీద జారి పక్క పన్ను మీదికి వెళ్తోంది.

మాస్టార్లు ఆ స్టూలుకు మంచి మార్కులే ఇచ్చారు. చీర సంగతి వాళ్లకు తట్టలేదు, నాకూ తట్టలేదు. డబ్బిచ్చి ఇంటికి తీసుకెళ్లి రోజూ కూర్చున్న మనిషికే తెలిసింది. ఊరికే ఇచ్చి ఉంటే ఆవిడ మొహమాటానికి చెప్పేవారు కాదు, మూలన పెట్టి ఊరుకునేవారు. అందుకే అంటున్నాను, విద్యార్థికి అమ్మకం చదువులో భాగం. ధర కట్టడం, బిల్లు రాయడం, కొన్నవాళ్ల మాట వినడం, తప్పు దిద్దడం నేర్పకుండా పట్టా చేతికిచ్చి పంపిస్తే సగం చదువే చెప్పినట్టు.

ఇది చేసి చూపించిన చోట్లు మన దేశంలోనే ఉన్నాయి. శాంతినికేతన్ కళాభవన్‌లో ఏటా డిసెంబరు 1, 2 తేదీల్లో నందన్ మేళా జరుగుతుంది. 1973లో మొదలైంది. మర్నాడు, 3వ తేదీ, ఒకప్పుడు కళాభవన్‌ను నడిపిన చిత్రకారుడు నందలాల్ బోస్ పుట్టినరోజు; మేళా ఆయన పేరు మీదే. విద్యార్థులూ మాస్టార్లూ చేసినవన్నీ అమ్మకానికి పెడతారు, వచ్చిన డబ్బు కష్టంలో ఉన్న విద్యార్థుల నిధికి వెళ్తుంది. మేం నలుగురం హౌరా దాకా వెళ్లి, రైలు మారి బోల్పూర్‌లో దిగి చూసొచ్చాం. మట్టి కప్పులు, చేత్తో కుట్టిన డైరీలు, ముద్రణ చిత్రాలు అన్నీ చేతులు మారుతున్నాయి. బేరం దగ్గర మాస్టారని, పిల్లలని తేడా లేదు. బరోడా ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీలో 1960ల నుంచే మేళాలు పెట్టారు. కె.జి. సుబ్రహ్మణ్యన్ అంతటి చిత్రకారులు వాటికోసం బొమ్మలు చేశారు. మద్రాసు ఆర్ట్స్ స్కూలు ప్రిన్సిపాల్ కె.సి.ఎస్. పణికర్, ఆయన విద్యార్థులు బాతిక్ గుడ్డలు, చేతిపనులు అమ్మి కూడబెట్టుకున్న డబ్బుతో మద్రాసు దగ్గరి ఇంజంబాక్కంలో స్థలం కొన్నారు. 1966లో అక్కడ చోళమండలం కళాకారుల గ్రామం వెలిసింది. గుడ్డలు అమ్మినందుకు వాళ్ల చిత్రాలు చిన్నబోలేదు.

మన రెండు రాష్ట్రాల్లోని ప్రతి లలితకళల కాలేజీ ఏడాదికి రెండు రోజులు ఇలాంటి సంత పెట్టాలి. వరండా, నాలుగు బల్లలు, రసీదు పుస్తకం చాలు. దానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. గోడల మీద బొమ్మలు వేయించే మున్సిపాలిటీలు, కంపెనీలు విద్యార్థులకు కనీసం పెయింటర్ కూలి ఇస్తామని ముందే రాసివ్వాలి.

చట్టం సంగతి కూడా మాకు ఎవరైనా చెప్పాలి. నా బెల్లం దిమ్మల బొమ్మను ఒక హోటలు యజమాని ఫోన్లో ఫొటో తీసుకుని, ఫ్లెక్సీ మీద వేయించి గోడకు కట్టుకున్నాడు. అప్పుడు గానీ నేను 1957 కాపీరైట్ చట్టం తిరగెయ్యలేదు. బొమ్మ కొన్నంత మాత్రాన దాన్ని అచ్చేసే హక్కు రాదు, అది రాతపూర్వకంగా ఇస్తేనే పోతుంది. ఆ హోటలాయన కనీసం కొననూ లేదు. అదే, నేను ఆర్డర్ మీద వేసిన ఏడు గుర్రాల హక్కు మాత్రం, వేరే ఒప్పందం రాసుకోలేదు కాబట్టి, వేయించుకున్నాయనదే. ఆ తర్వాత 53ఏ సెక్షన్ కంటబడింది. అసలు చిత్రమో శిల్పమో పదివేల రూపాయలు దాటి మళ్లీ అమ్ముడైతే, చేసినవాళ్లకు అందులో వాటా అడిగే హక్కుంది, అది పది శాతానికి మించకూడదు. నాలుగేళ్ల చదువులో ఈ మాట ఒక్క క్లాసులోనూ వినలేదు. ఇప్పుడు నా ప్రతి బిల్లు కిందా రెండు వాక్యాలు రాస్తున్నాను: వస్తువు మీది, అచ్చు హక్కు నాది.

ఈ డిసెంబరులో మేం పదకొండు మందిమి కలిసి రెండు రోజుల సంత పెడుతున్నాం. బొమ్మలుంటాయి, దీపాలుంటాయి, తలుపు పిడులుంటాయి, నా స్టూళ్లు మూడుంటాయి. ప్రతిదాని మీదా ధర చీటీ ఉంటుంది, వెనక్కి తిప్పితే ఖర్చు లెక్క ఉంటుంది. మీ ఊళ్లోనూ ఇలాంటి పిల్లలు ఉంటారు. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు బాగుందని మెచ్చుకుని వచ్చేయకండి. చేత్తో ముట్టుకోండి, కూర్చుని చూడండి, ధర అడగండి. నచ్చితే ఆ ధర ఇచ్చి ఇంటికి తీసుకెళ్లండి. చీర పట్టుకుంటే ఫోన్ చేయండి, ఆకురాయి తీసుకుని వస్తాం.