మనవాళ్ళ లిస్టులో లేని కోచ్

కలకత్తా నుంచి వచ్చిన కొలీగ్ ఒకతను ఆఫీసు క్యాంటీన్లో అడిగాడు, "మీది హైదరాబాదా? అయితే నయీముద్దీన్ ఊరన్నమాట!" అని. మాది అద్దంకి అని చెప్పి, నయీముద్దీన్ ఎవరని అడిగాను. అతను నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. పదేళ్ళుగా హైదరాబాద్‌లో ఉంటూ, సాహిత్యం మీద వ్యాసాలు రాసుకునే మనిషిని నేను. ముందు సిగ్గేసింది. తర్వాత కోపమొచ్చింది, నా మీదా, మనందరి మీదా.

సయ్యద్ నయీముద్దీన్ 1944లో హైదరాబాద్‌లో పుట్టారు. డిఫెండర్. సిటీ పోలీస్ జట్టుకి ఆడి కలకత్తా వెళ్ళారు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్, మూడు జెర్సీలూ వేసుకున్నారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఆయన కెప్టెన్‌గా ఉన్న జట్టు జపాన్ని ఓడించి కాంస్యం తెచ్చింది. ఆ క్రీడల్లో మన ఫుట్‌బాల్‌కి అదే ఆఖరి పతకం. ఆట మానేశాక కోచ్ అయ్యారు. 1990లో ఈస్ట్ బెంగాల్‌ చేత ఐఎఫ్‌ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిపించారు. ద్రోణాచార్య అవార్డు వచ్చిందీ ఆ ఏడే. 2005లో కరాచీలో శాఫ్ కప్ గెలిచిన ఇండియా జట్టుకి కోచ్ కూడా ఆయనే. ఆ మరుసటి ఏడే ఆ కుర్చీ ఒక ఇంగ్లీషాయనకి వెళ్ళింది.

ఈ మాట ఎత్తితే మిత్రులు వెంటనే, "హైదరాబాద్ ఫుట్‌బాల్ మీద సినిమా వచ్చింది కదా" అంటారు. వచ్చింది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ మీద 2024లో హిందీలో 'మైదాన్' వచ్చింది. రహీమ్ సాబ్ బడిపంతులు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు సిటీ పోలీస్ చేత రోవర్స్ కప్ గెలిపించారు. దేశానికి 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిపెట్టారు. 1963లో క్యాన్సర్‌తో పోయారు. అరవై ఏళ్ళ తర్వాత బొంబాయి వాళ్ళు సినిమా తీస్తే, మనం నిడివి ఎక్కువైందని రివ్యూలు రాసి బాకీ తీరిపోయిందనుకున్నాం.

సినిమాకి చావూ ఫైనల్ మ్యాచూ ఉంటే చాలు. నయీముద్దీన్ కథలో ఆ సౌకర్యం లేదు. పిలవడం, తీసేయడం, మళ్ళీ పిలవడం, రెండు బద్ధశత్రువులైన క్లబ్బులకీ పనిచేయడం, తను ఆడలేని ఆటని ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ కాళ్ళతో ఆడించడం. ఇది నవలకి సరిపడే సరుకు. మన నవలాకారులకి మాత్రం క్రికెట్ తప్ప ఆట కనపడదు, అది కూడా ఐపీఎల్ సీజన్లో.

అసలు అడ్డు వేరే ఉంది. ఎవరూ పైకి అనరు గానీ, "ఆయన ఉర్దూ మనిషి కదా" అన్న మాట గొంతులో తిరుగుతూనే ఉంటుంది. 2014లో సత్య నాదెళ్ళ మైక్రోసాఫ్ట్ సీఈఓ అయితే గంటలో 'మనవాడు' అనేశాం. ఎక్కడో రెడ్‌మండ్‌లో కూర్చున్నాయన మనవాడైనప్పుడు, మన రాజధానిలో పుట్టి పెరిగి దేశానికి కెప్టెన్‌గా, కోచ్‌గా చేసినాయన ఎందుకు కాడు? భాష కొలతబద్ద అయితే, రేపు ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడే మన పిల్లల్ని కూడా ఆ లిస్టులోంచి కొట్టేయాలి.

మా ఊరివాడిగా ఒక మాట. అద్దంకి అనగానే క్రీ.శ. 848 నాటి శాసనం గురించి గొప్పలు పోతాం. తెలుగులో దొరికిన తొలి పద్యశాసనాల్లో అదొకటి. ఆ పద్యం చెప్పింది రాజు గురించి కాదు, పండరంగడనే సేనాని గురించి. కోటలు గెలిచిన దండుని నడిపినవాడి పేరు రాయి మీద చెక్కించాలని పదకొండు వందల ఏళ్ళ కింద మనవాళ్ళకి తోచింది. ఆ శాసనాన్ని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసుకునే మనకి, మన కాలపు సేనానుల మీద తెలుగులో నాలుగు పేజీలు రాయాలని తోచదు.

నేను అడుగుతున్నది విగ్రహం కాదు, ఇంకో సినిమా కూడా కాదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి మెల్‌బోర్న్‌లో ఆడిన తులసీదాస్ బలరామ్ 2023లో బెంగాల్లోనే పోయారు. ఆ తరం వెళ్ళిపోతోంది. ఫోన్లో రికార్డర్ ఉంది, ఊళ్ళో మైదానాలున్నాయి, ఆదివారాలున్నాయి. ఉర్దూ రాకపోతే వచ్చిన ఫ్రెండ్‌ని తీసుకెళ్ళండి. నేను వెళ్తున్నాను. ఈసారి క్యాంటీన్లో ఎవరన్నా నయీముద్దీన్ గురించి అడిగితే, "ఎవరు?" అని మాత్రం అనను.