పాత లారీలకు టర్బో అనుమతి కోరుతూ వినతిపత్రం

శ్రీయుత రవాణా శాఖ కమిషనర్ గారికి,
ఖైరతాబాద్, హైదరాబాద్.

విషయం: పాత డీజిల్ లారీ ఇంజన్లను తనిఖీ చేసి టర్బో అమర్చుకోనివ్వాలని పాతబస్తీ లారీ యజమానులు, మిస్త్రీల విన్నపం.

ఆర్యా,

మేము చాంద్రాయణగుట్ట, బండ్లగూడ, కాటేదాన్ వైపు ఒకటీ రెండూ పాత బండ్లతో బతికేవాళ్లం, వాటిని బాగుచేసే మిస్త్రీలం. మా బండ్లలో ఎక్కువ టాటా 697 ఇంజన్‌వే. ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. పేరులోనే లెక్క ఉంది. ఈ ఇంజన్‌ను కంపెనీ టర్బో లేకుండానూ చేసింది, టర్బోతోనూ చేసింది. మేము కొత్త వింతేమీ అడగడం లేదు.

టర్బో లేని బండి నిండు లోడుతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వెనక నిలబడి చూడండి. గేరు దింపినా లాగదు. నల్లటి పొగంతా వెనక వచ్చే బైకువాడి మొహాన కొడుతుంది. డీజిల్ పోతోంది గానీ దాన్ని కాల్చడానికి గాలి చాలడం లేదు. సైలెన్సర్‌లోకి వృథాగా పోయే వాయువుతోనే టర్బో చక్రం తిరిగి సిలిండర్లలోకి గాలిని నెడుతుంది. డీజిల్ పెంచకుండా ఉంటే పొగ తగ్గుతుంది.

డీజిల్ పెంచేవాళ్లూ మాలో ఉన్నారు, దాచడం దేనికి? పాత సామాన్లలో దొరికిన టర్బో తెచ్చి, షాఫ్టు వేలితో కదిపి ఎంత ఆడుతోందో కూడా చూడకుండా బిగిస్తారు. పికప్ కోసం డీజిల్ పంపు స్క్రూ తిప్పేస్తారు. నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరిగే ఆ షాఫ్టుకు ఆయిల్ పైపు సన్నగా వేస్తే బేరింగు ఎన్నాళ్లు ఉంటుంది? పిస్టన్లు, గ్యాస్కెట్ తగినవి వేయకపోతే ఇంజనే పోతుంది. ఇదంతా దొంగచాటుగా జరిగే పని కాబట్టే ఇలా జరుగుతోంది.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చే మార్పు చేయకూడదు. చేస్తే 182ఏ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. చాసీలు ఇష్టం వచ్చినట్టు కోసేవాళ్లకు అది తగినదే. కానీ ఆ 52వ సెక్షన్ ప్రకారమే పది బండ్లకు తక్కువ కాకుండా ఉన్న యజమాని అదే రకం ఇంజన్ మార్చుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం వెసులుబాటు ఇవ్వవచ్చు. ఒక్క బండివాడికి ఆ వీలు లేదు. సీఎన్‌జీ కిట్టుకు ఆమోదపు దారి ఉంది, మా టర్బోకు లేదు.

మాలో ఒకరి బండి ఒక తనిఖీ కేంద్రానికి పోతే టర్బో కనబడగానే వెనక్కి పంపారు. పొగ మీటరు పెట్టనేలేదు. రాత్రికి రాత్రి టర్బో విప్పి పాత మానిఫోల్డు బిగించారు. పంపు సెట్టింగు మాత్రం టర్బోకు తగ్గట్టే ఉండిపోయింది. మర్నాడు మొదటికన్నా నల్లటి పొగతో పోయిన బండి పాసైంది!

2022 ఏప్రిల్‌లో పదిహేనేళ్లు దాటిన హెవీ బండికి ఫిట్‌నెస్ రెన్యువల్ రుసుము 12,500 రూపాయలుగా కేంద్రం పెట్టింది, అదీ ఏటా. కొత్త లారీ కొనే తాహతు ఉంటే ఈ బాధ ఎందుకు?

టర్బో కిట్టుకు ప్రమాణాలు నిర్ణయించి, ఆమోదించిన గ్యారేజీలోనే బిగించి, పంపు స్క్రూకు సీలు వేసి, ఆర్‌సీలో నమోదు చేసే పద్ధతి తేవాలని తమరు కేంద్రానికి సిఫారసు పంపాలి. అంతవరకు టర్బో కనబడగానే తిప్పి పంపకుండా, పొగ మీటరు పెట్టి, పాత బండ్లకున్న 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్ల పొగ పరిమితి దాటితేనే ఆపాలి. టర్బో ఉంది కదా అని ఒక్క బస్తా అదనపు లోడు అడగం. బ్రేకులు పాతవే కదా. ఒక రోజు బండ్లగూడకు మీ అధికారులను పంపండి. టర్బో ఉన్నదీ లేనిదీ రెండు బండ్లు పక్కపక్కన స్టార్టు చేసి, మీ మీటరుతోనే చూపిస్తాం.

ఇట్లు,
పాతబస్తీ పాత లారీల యజమానులు, మిస్త్రీలు