కర్త లేని వాక్యం

మొన్న ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు మాట్లాడటానికి పిలిస్తే వెళ్లాను. సామాజిక న్యాయం మీద రాయడం నేర్పే కోర్సు ఒకటి అక్కడ కొత్తగా పెట్టారు. ఈ కోర్సు నుంచి మీరేం ఆశిస్తున్నారు అని తొలి వారమే తెలుగు మాస్టారు పిల్లలతో తలా ఒక పేజీ రాయించారట. నలభై పైచిలుకు కాగితాలు నా చేతిలో పెట్టి, చాయ్ చెప్పొస్తానని వెళ్లారు. చాయ్ వచ్చేలోగా ముప్పై చదివేశాను. అందులో గొప్పేమీ లేదు, ఒకటి చదివితే ముప్పై చదివినట్టే. సమాజంలో అసమానతలు పెరుగుతున్నాయి, వివక్ష జరుగుతోంది, అవగాహన కల్పించాలి. గ్రూప్స్ గైడ్లలో ఉండే వాక్యాలే. పిల్లల్ని అనడానికి నాకు నోరెక్కడిది? నా పాత సంపాదకీయాలు తిరగేస్తే అక్కడా ఇవే. వాన కురిసినట్టు, పొద్దు గుంకినట్టు, వివక్ష దానంతటది జరిగిపోతుంటుంది. చేసినవాడు వాక్యంలో ఎక్కడా కనబడడు.

ముప్పై ఒకటో కాగితం ముప్కాల్ అమ్మాయిది. ముప్కాల్ అంటే పేపర్లకు వరద కాలువ మీది పంప్‌హౌస్, కాళేశ్వరం నీళ్లను వెనక్కి ఎత్తి శ్రీరాంసాగర్‌లో పోసే చోటు. ఆ పిల్ల రాసిన పేజీలో పంప్‌హౌస్ ఊసే లేదు. వాళ్లమ్మ ఒళ్లో చాట ఉంది. చాటలో తడిగుడ్డలో చుట్టిన తునికాకు, కత్తెర, తంబాకు, దారం. ఇరవై అయిదుకో కట్ట, నలభై కట్టలైతే వెయ్యి. సాయంత్రం బీడీ కార్ఖానాలో టేకేదారు కట్టలు ఒత్తి చూసి కొన్ని పక్కకు పెడతాడు. 'పక్కకు పెట్టినవాటికి పైసలియ్యడు. పారెయ్యడు గూడ.' అంతే రాసింది. రెండు చిన్న వాక్యాలు, రెండింట్లోనూ ఒక మనిషి చేస్తున్న పని కళ్లకు కడుతోంది.

ఆమె ఆశలు పెద్దవేం కావు. వాళ్లమ్మ పేరు ఆధార్‌లో ఒక తీరు, పీఎఫ్‌లో ఇంకో తీరు ఉందట. 'వాపస్ రాని దరఖాస్తు ఎట్ల రాయాలో నేర్పుతరా సార్?' అని అడిగింది. దరఖాస్తు సాహిత్యమెట్లా అవుతుందని మాస్టారు కాస్త నీళ్లు నమిలారు. నాకైతే ఆ కోర్సుకు ఇంతకంటే మంచి మొదటి పాఠం తోచలేదు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లను కూడా కార్మికులుగానే లెక్కగట్టింది. అరవై ఏళ్ల తర్వాత ఒక గుడి, ఒక దీర్ఘం తేడా వస్తే ఆ కార్మికురాలు ఎవరో తెలియడం లేదంటున్నారు.

కాగితంతో మాట్లాడటం ఈ జిల్లాకు కొత్త కూడా కాదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న ధరల కోసం నిజామాబాద్‌లో 178 మంది రైతులు బరిలో నిలిచారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. గెలుస్తామని కాదు, తమ గోస దేశానికి తెలవాలని ధరావతు కట్టి మరీ నామినేషన్ వేశారు. ఆ అఫిడవిట్లన్నీ ఒక్కచోట కుట్టి పుస్తకంగా వేస్తే చదవాలని నాకెప్పటి నుంచో ఉంది.

మేం మాట్లాడినట్టే రాస్తే ఎర్రపెన్నుతో కొడతారా అని కూడా అడిగింది. కొట్టేశారు. 'గూడ' చుట్టూ సున్నా చుట్టి ఉంది. దీని మీద ఎక్కువ చెప్పను, ఈ పత్రిక ఆ తగవు చాలాసార్లే పడింది.

చివర్లో అడిగిందే నన్ను పట్టుకుంది. 'మా ఊరి గురించి రాస్తే, మా ఇంటోళ్లతోని ఎవరూ మాట్లాడకపోతే సార్లు ఏం జేస్తరు?'

ఈ జిల్లా వాళ్లకు ఆ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. పంచాయతీకి సర్పంచ్ ఉంటాడు, దాని పక్కనే ఏ చట్టంలోనూ లేని గ్రామాభివృద్ధి కమిటీ ఉంటుంది. ఎదురుతిరిగిన ఇంటిని, ఒక్కోసారి ఒక కులం మొత్తాన్ని వెలివేస్తూ తీర్మానం చేస్తుంది. వాళ్లతో మాట్లాడినవాళ్లకు జరిమానా. రాయడానికి ధైర్యం కావాలన్నప్పుడల్లా, నిజామాబాద్ జైల్లో దాశరథి బొగ్గుముక్కతో గోడ మీద పద్యాలు రాశాడని సభల్లో గొంతెత్తి చెబుతుంటాం. అదే జైల్లో ఆయనకు తోడున్న వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పుస్తకాలు ఊరూరా మోసి అమ్మాడనీ చెబుతాం. నిజమే. కానీ దాశరథికి ఎదురుగా ఉన్నది నిజాం. ఈ పిల్లకు ఎదురుగా కమిటీలో ఉండేది వరసకు పెద్దనాన్న. పొద్దున లేస్తే అదే బోరింగు దగ్గర నీళ్లు పట్టుకోవాలి.

జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీల్లో జెండర్ కోర్సు పెట్టినప్పుడు స్త్రీల అధ్యయన సంస్థ అన్వేషి వాళ్లు తయారుచేసిన రెండు భాషల పాఠ్యపుస్తకాన్ని 2015లో తెలుగు అకాడమీ వేసింది. మంచి పుస్తకం, తరగతిలో నోళ్లు తెరిపిస్తుంది. అయితే సాయంత్రం బస్సెక్కి 44వ నంబరు రోడ్డు మీద అదే ఊరికి తిరిగి పోవాల్సిన పిల్ల సంగతి ఏ సిలబస్‌లో రాస్తారు?

చాయ్ చల్లారింది. పక్కన పెట్టేసిన ముప్పై కాగితాలు మళ్లీ తీశాను. ఒకదాంట్లో ఇలా ఉంది: 'మా ఊళ్లో కొందరికి నిరుడు ఇబ్బంది కలిగింది.' ఇందాక చదివి ఇదీ గైడు వాక్యమే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ 'కొందరికి' మీద పెన్ను ఆగి, సిరా మరకైంది. ముందు ఏదో రాసి కొట్టేసిన గుర్తు. కర్తను ఆ పిల్లవాడు మరిచిపోలేదు, దాచాడు. బద్ధకం అని నేను తీసిపారేసిన వాటిలో ఇలాంటివి ఎన్నున్నాయో! రాయమని చెప్పేముందు, రాసినవాడి వెంట ఎవరుంటారో కాలేజీ చెప్పాలి. పేరు లేకుండా వేసే పత్రికలూ ఉండాలి. మేం వేస్తాం.

ముప్కాల్ అమ్మాయిని పిలిపించి, నీ పేజీ అచ్చు వేసుకోనా బిడ్డా అని అడిగాను. కొంచెంసేపు ఆలోచించింది. 'నా పేరు వద్దు సార్. మా అమ్మ పేరు ఏసుకోండ్రి, ఆమెను అడుగుత' అంది. సరేనని డైరీ తీశాను. పెన్ను పెట్టేలోపు ఆపింది.

'ఏది రాస్తుండ్రు సార్, ఆధార్‌ల ఉన్న పేరా, పీఎఫ్‌ల ఉన్న పేరా?'