బిగ్‌ఫుట్‌ను వెతికేవాళ్ళు ముందు ఎవరిని అడగాలి?



ఈ నెల గోడపత్రికలో "నా అభిప్రాయం" శీర్షిక నాకు ఇచ్చారు. నేను బిగ్‌ఫుట్ గురించి రాస్తున్నాను. మన డార్మెటరీలో వారం రోజులుగా దీని మీదే వాదన నడుస్తోంది. సగం మంది ఉంది అంటున్నారు, సగం మంది పడీ పడీ నవ్వుతున్నారు. నా మాట ముందే చెప్పేస్తాను. బిగ్‌ఫుట్ ఉందని నేను నమ్మడం లేదు. అలాగని దాన్ని వెతికేవాళ్ళను చూసి నవ్వడం కూడా సరి కాదు. అడవిలో వెతకడం మంచి పనే. ఎలా వెతుకుతున్నారు, ఎవరిని అడిగి వెతుకుతున్నారు అన్నదే నా ప్రశ్న.

తెలియని చిన్న తరగతుల చెల్లెళ్ళ కోసం కొంచెం చెబుతాను. అమెరికా, కెనడా దేశాల్లో పడమటి వైపు పెద్ద పెద్ద అడవులున్నాయి. అక్కడ ఒళ్ళంతా వెంట్రుకలతో, మనిషిలాగ రెండు కాళ్ళ మీద నడిచే జీవి ఒకటి ఉందని కొందరు అంటారు. దాన్నే బిగ్‌ఫుట్ అంటారు, అంటే పెద్దపాదం. ఈ పేరు 1958లో అందరికీ తెలిసింది. ఆ సంవత్సరం కాలిఫోర్నియాలో బ్లఫ్ క్రీక్ అనే చోట అడవిలో రోడ్డు వేస్తున్నారు. జెర్రీ క్రూ అనే బుల్డోజర్ డ్రైవరు మట్టిలో 16 అంగుళాల పాదం గుర్తులు చూశాడు. ప్లాస్టర్ పోసి అచ్చు తీశాడు. హంబోల్ట్ టైమ్స్ అనే పేపర్లో అది వచ్చింది. అప్పటి నుంచి జనం కెమెరాలు, ప్లాస్టర్ సంచులు పట్టుకుని అడవికి పోతూనే ఉన్నారు.

ఆ రోడ్డు పని కాంట్రాక్టరు పేరు రే వాలెస్. ఆయన 2002లో చనిపోయాక, చెక్కతో చేసిన పెద్ద పాదాలను ఇంట్లోవాళ్ళు బయటపెట్టారు. వాటితో ఆయనే అడుగులు వేశాడని, అంతా తమాషాకే చేశాడని చెప్పారు.

మరి మిగిలిన ఆధారాల సంగతి? 1967 అక్టోబరు 20న ప్యాటర్సన్, గిమ్లిన్ అనే ఇద్దరు అదే బ్లఫ్ క్రీక్ దగ్గర సినిమా తీశారు. నిమిషం కూడా లేదు. అది జంతువా, వేషం వేసుకున్న మనిషా అని ఇప్పటికీ తగువే. 1976లో పీటర్ బర్న్ అనే ఆయన తనకు దొరికిన వెంట్రుకలను అమెరికా పోలీసు సంస్థ ఎఫ్.బి.ఐ.కి పంపాడు. అవి జింక జాతి వెంట్రుకలని పరీక్షలో తేలింది. ఆ కాగితాలు 2019లో అందరికీ చూపించారు. 2014లో బ్రయాన్ సైక్స్ అనే శాస్త్రవేత్త బిగ్‌ఫుట్‌వి, యతివి అని జనం పంపిన వెంట్రుకలకు డి.ఎన్.ఎ. పరీక్ష చేశాడు. ఎలుగు, గుర్రం, ఆవు లాంటివే వచ్చాయి గాని కొత్త జంతువు ఒక్కటీ రాలేదు.

మా రూమ్మేటు ఒకమ్మాయి "నిప్పు లేనిదే పొగ రాదు కదా" అంది. నిజమే. కానీ మన పాడేరు కొండల్లో చలికాలం పొద్దున్నే కనిపించేదంతా పొగేనా? మంచు కూడా పొగలాగే ఉంటుంది. దగ్గరికి వెళ్ళి చేయి పెట్టి చూస్తే గాని తెలియదు.

ఇప్పుడు మనకు బాగా తెలిసిన ఎలుగు సంగతికి వస్తాను. ఎలుగు వెనక పాదం మనిషి పాదంలాగే పొడుగ్గా, మడమతో పడుతుంది. నడిచేటప్పుడు ముందు పాదం గుర్తు మీద వెనక పాదం పడితే రెండూ కలిసి ఒకే పెద్ద పాదంలాగ కనిపిస్తాయి. మంచు కరిగినా, బురద జారినా ఇంకా పెద్దవవుతాయి. పట్నం మనిషికి అది రాక్షసుడి పాదమే. మా తాతకైతే అది ఎలుగే. వేళ్ళ ముందు గోళ్ళ గీతలు చూస్తాడు. పక్కన చెదపుట్ట తవ్వి ఉందా, ఇప్పచెట్టు కింద పువ్వు తిని ఉందా, పెంట ఉందా చూస్తాడు. "ఒక్క అడుగు సూసి పేరెట్టకు, పదడుగులు ముందుకెళ్ళి సూడు" అంటాడు. మా తాత బడి ముఖం చూడలేదు, వేలిముద్ర వేస్తాడు. కానీ సైన్సు పుస్తకంలో పరిశీలన అని మనం బట్టీ పట్టేది ఆయన చేసేదే.

అమెరికాలో కూడా నల్ల ఎలుగులు ఎక్కువ ఉన్న చోటే బిగ్‌ఫుట్‌ను చూశామనేవాళ్ళు ఎక్కువని 2024లో ఒక పరిశోధన వచ్చింది. మన దేశంలో 2019లో నేపాల్ వెళ్ళిన సైనికులు మకాలు పర్వతం దగ్గర 32 అంగుళాల పొడుగు యతి అడుగులు చూశామని ఫోటోలు పెట్టారు. అక్కడి కూలీలు, స్థానికులు మాత్రం అవి ఎలుగు అడుగులే అన్నారు. ముందే ఆ కూలీలను అడిగి ఉంటే పోయేది కదా!

ఇక్కడే నాకు బాధ కలిగే విషయం ఉంది. బిగ్‌ఫుట్‌ను వెతికేవాళ్ళు దాన్ని "మనుషులు లేని అడవి" అంటారు. బ్లఫ్ క్రీక్ చుట్టుపక్కల యురోక్, కరూక్, హూపా ఆదివాసులు ఎన్నో తరాలుగా ఉన్నారు. కెనడాలో స్టహేలిస్ అనే ఆదివాసులు ఉన్నారు. సస్క్వాచ్ అనే మాట వాళ్ళ భాష నుంచే వచ్చింది. ఆ పిల్లలకు పాఠాలు చెప్పిన జె.డబ్ల్యు. బర్న్స్ అనే మాస్టారు 1929లో మాక్లీన్స్ పత్రికలో వాళ్ళ కథలు రాశాడు. కథలు ఊరంతా తిరిగాయి, చెప్పినవాళ్ళ సంగతి వెనకబడింది. స్టహేలిస్ వాళ్ళకు సస్క్వాచ్ అంటే పట్టి బోనులో పెట్టే జంతువు కాదు, నేలను కాపాడేది. మనం కొండదేవతకు మొక్కుతాం గాని ఆమె పాదానికి ప్లాస్టర్ అచ్చు తీస్తామా? నమ్మకం వేరు, జంతువు వేరు. జంతువు ఉంది అంటే రుజువు చూపాలి. నమ్మకాన్ని అయితే గౌరవిస్తే చాలు. రెండూ కలిపేస్తేనే గొడవ.

మంచిగా వెతికినవాళ్ళూ ఉన్నారు. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ 1960లో యతిని వెతకడానికి నేపాల్ వెళ్ళాడు. ఖుంజుంగ్ ఊరి గుడిలో యతి తల చర్మం అని ఒకటి దాచి ఉంచారు. ఊరి పెద్ద ఒకాయనతో కలిసి దాన్ని బయటి దేశాలకు పట్టుకెళ్ళి పరీక్ష చేయించారు. సీరో అనే మేకలాంటి కొండజంతువు తోలుతో చేసిందని తేలింది. హిల్లరీ యతి లేదని ఒప్పుకున్నాడు. అక్కడి షేర్పాలకు కావలసింది బడి. 1961లో ఖుంజుంగ్‌లో బడి పెట్టించాడు. యతి దొరకలేదు గాని పిల్లలకు చదువు దొరికింది. ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న నాకు ఇది చదివి చాలా సంతోషం కలిగింది.

రెండోది మన తెలుగు నేల మీదే జరిగింది. కలివికోడి అనే పక్షి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయింది అనుకున్నారు. 1986లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ కడప జిల్లాలో ఊరివాళ్ళను అడుగుతూ వెతికాడు. రాత్రిపూట లైటు వేసి పిట్టలు పట్టే ఒక స్థానికుడే దాన్ని పట్టి చూపించాడు. తర్వాత వచ్చిన పరిశోధకులు నేల మీద మెత్తటి మట్టి పరిచి దాని అడుగుల కోసం చూశారు, కెమెరాలు కూడా పెట్టారు. చూశారా, వాళ్ళూ అడుగులే వెతికారు. కానీ పక్షిని కళ్ళారా చూసినవాళ్ళను అడిగారు, అడుగు ఒక్కటే చాలు అనుకోలేదు.

"ఎక్కడో అమెరికా సంగతి మనకెందుకు?" అని మీరు అడగవచ్చు. మా చిన్నమ్మ అడ్డాకులకు వెళ్ళినప్పుడు ఎలుగు చేయి చీల్చేసింది. సాయం కోసం ఒక ఆఫీసుకు వెళితే "అది ఎలుగే అని రుజువేది?" అన్నారు. మా తాత అడుగులు చూసి చెప్పిన మాట అక్కడ చెల్లలేదు. కాగితం మీద ఏమీ లేదు. మూడుసార్లు బస్సు చార్జీలు పెట్టుకుని తిరిగి, ఊరుకున్నారు. చెక్కపాదంతో వేసిన అడుగు ప్రపంచమంతా తిరిగింది. నిజం ఎలుగు అడుగు మాత్రం మండలం కూడా దాటలేదు. తేడా ఎక్కడుంది? ఒకదానికి కొలత, ఫోటో, పేపరు ఉన్నాయి. రెండోదానికి తెలిసిన మనిషి మాత్రమే ఉన్నాడు. తెలిసిన మనిషి మాట వినాలని నేను గట్టిగా అంటాను. వినేదాకా, ఆ మాటను రాసి పెట్టే పని అక్షరం వచ్చిన మనది.

అందుకే నా ప్రతిపాదన. మన బడిలో "అడుగుల పుస్తకం" ఒకటి పెడదాం. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు దారిలో, పొలం గట్టున అడుగు కనిపిస్తే పక్కన స్కేలు పెట్టి కొలవాలి. బొమ్మ వేయాలి. తేదీ, చోటు రాయాలి. తాతనో, అవ్వనో, మామనో అడిగి, ఎవరు చెప్పారో వాళ్ళ పేరు కూడా రాయాలి. తెలియకపోతే "తెలియదు" అని రాయాలి, కల్పించి రాయకూడదు. అడుగు వెంట ఒంటరిగా అడవిలోకి మాత్రం ఎవరూ వెళ్ళవద్దు. సైన్సు టీచరు గారు, హెచ్.ఎం. గారు దీనికి ఒక లాంగ్ నోట్‌బుక్ ఇప్పించాలని కోరుతున్నాను.

ఎప్పుడైనా బిగ్‌ఫుట్‌ను వెతికేవాళ్ళు మన కొండకు వస్తే రానివ్వండి, మంచినీళ్ళు ఇద్దాం. మన పుస్తకం తెరిచి చూపిద్దాం. పక్కన మా తాతను కూర్చోబెడదాం.

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి విద్యార్థిని