నడుముకి కిలో ఇనుము

ఎన్నికలొస్తే బళ్లారి-గుంతకల్లు రోడ్డు మీద చెక్‌పోస్టులు వెలుస్తాయి. అక్కడ ఎస్‌ఐ గారు కారు డిక్కీలోకి వంగే ముందు నడుం దగ్గర ఏదో సర్దుకుంటారు, గమనించండి. జీపెక్కేటప్పుడూ అంతే, కుర్చీలో కూర్చునేటప్పుడూ అంతే. ఆ సర్దుకునేది పిస్టల్‌ని. బళ్లారిలో ‘సొంట నోవు’ అంటారు, గుంతకల్లులో నడుం నొప్పంటారు. బాధొకటే.

మన సైన్యంలో, పోలీసుల్లో దశాబ్దాలుగా నడుస్తున్న ‘పిస్టల్ ఆటో 9ఎంఎం 1ఎ’ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ సరుకు. అసలు డిజైను బ్రౌనింగ్ హైపవర్‌ది. జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టి 1926లో చనిపోతే, బెల్జియంలోని ఎఫ్‌ఎన్ కంపెనీ పూర్తిచేసి 1935లో బయటికి తెచ్చింది. మ్యాగజైన్‌లో 13 తూటాలు రెండు వరసల్లో పడతాయి. అయినా పిడి లావనిపించదు, అరచేతిలో ఒదిగిపోతుంది. బ్రిటిష్ సైన్యం 2013లో గ్లాక్ 17 ఎంచుకునేదాకా దీన్ని వదల్లేదు మరి.

చేతికి బాగున్నది నడుముకీ బాగుండాలని లేదు. ఖాళీ పిస్టలే దాదాపు 900 గ్రాములు, తూటాలు నింపితే కిలో దాటుతుంది. పొడవు ఇంచుమించు 20 సెంటీమీటర్లు. సన్నటి బెల్టుకి, వదులైపోయిన తోలు హోల్‌స్టర్‌లో ఇది వేలాడుతుంటే ప్యాంటు ఒకపక్కకి జారుతుంది, మనిషి రెండోపక్కకి ఒరుగుతాడు. మే ఎండలో 12 గంటల బందోబస్తు ఇలాగే చేయాలి.

తీయడం ఇంకో తంటా. ఇది సింగిల్ యాక్షన్, హ్యామర్ వెనక్కి లేచి ఉంటేనే పేలుతుంది. భద్రత కోసం ఛాంబర్ ఖాళీగా పెట్టుకునేవాళ్లు పిస్టల్ తీశాక రెండో చేత్తో స్లయిడ్ లాగాలి. హ్యామర్ పడి ఉంటే ఆ స్లయిడ్ బిగుసుగా వస్తుంది. చిన్న చేతులున్న మహిళా ఎస్‌ఐలకి ఇది మరీ కష్టం. ముందు బొటనవేలితో హ్యామర్ లేపితే తేలిగ్గా వస్తుంది. ఈ కిటుకు ఎంతమందికి నేర్పుతున్నారు? సేఫ్టీ మీట ఎడమవైపు మాత్రమే ఉంటుంది. ఎడమచేతివాటం వాళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

కొత్త పిస్టళ్లు కొనేస్తే సరి అంటారు కొందరు. కొనండి, వద్దనం. గ్లాక్ 17 బాడీ ప్లాస్టిక్‌ది కాబట్టి ఖాళీగా 700 గ్రాముల దగ్గరే ఆగుతుంది. కానీ అదీ ఆ పాత బెల్టుకే వేలాడితే ఏం లాభం? ముందు కావలసింది వంగని వెడల్పాటి బెల్టు, పిస్టల్‌కి సరిపడే హోల్‌స్టర్. ఆడవాళ్లకి ఎత్తు మార్చుకునే వీలుండాలి. తర్వాత ప్రాక్టీసుకి తూటాలు. తుపాకులిచ్చే రోజు ఫొటో దిగుతారు, బెల్టులిచ్చే రోజు ఎవరూ రారు. అదీ అసలు చిక్కు.

వచ్చే బందోబస్తుకి ముందు రెండు జిల్లాల అధికారులూ ఒక పని చేయొచ్చు. ఎస్‌ఐలని ఖాళీ పిస్టల్‌తో జీపెక్కి దిగమనండి, కూర్చుని తీయమనండి. ఎక్కడ పట్టేస్తోందో అరగంటలో తెలిసిపోతుంది.