దున్నేది ఒకరు, రాయితీ మరొకరికి

గోధుమ రైతుకు ప్రభుత్వం ఇచ్చే రాయితీలపై చర్చ వచ్చినప్పుడల్లా, ఆ మాటతో మనకేమి పని అని కైరుప్పల రైతు అనుకోవచ్చు. ఇక్కడి మెట్ట భూములలో పండేది పత్తి, జొన్న, కంది, శనగ. గోధుమ మనకు అంగడి సరుకే గాని పొలం పంట కాదు. అయినా ఆ చర్చలో మనం నేర్చుకోవలసిన పాఠం ఒకటి ఉంది.

2025-26 రబీ మార్కెటింగు కాలానికి కేంద్రం గోధుమకు క్వింటాలుకు 2,425 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. పంజాబు, హర్యానాలలో ఆ ధరకు విలువ వచ్చింది ప్రకటన వల్ల కాదు, ప్రభుత్వ సంస్థలు మండీకి వచ్చి కొనడం వల్ల. దేశం మొత్తం మీద మద్దతు ధరకు ప్రభుత్వ సంస్థలకు అమ్ముకోగలిగినవారు నూటికి ఆరుగురేనని 2015లో శాంతకుమార్ కమిటీ తేల్చింది. అంటే రాయితీ ఉండడం వేరు, అది రైతుకు చేరడం వేరు.

మన ప్రాంతంలో ఆ చేరే దారికి అడ్డుగా ఉన్నది కాగితం. పీఎం కిసాన్ కింద ఏడాదికి ఇచ్చే 6,000 రూపాయలు భూమి పేరున ఉన్నవారికే. కౌలుదారునికి అందులో చోటు లేదు. ఆదోని మార్కెట్టులో పత్తిని మద్దతు ధరకు అమ్మాలన్నా ఈ-పంటలో సాగుదారుగా పేరు ఉండాలి.

ఇది ముస్లిముల సమస్య కూడా. పత్తి ఏకడమే కులవృత్తిగా బ్రతికిన నూర్‌బాషా కుటుంబాలను యంత్రాలు ఆ పని నుండి తప్పించాయి. వారిలో ఎందరో కూలీకి, కౌలు సేద్యానికి మళ్లారు. వాన తప్పితే ఆ కుటుంబాలే సుగ్గికి గుంటూరు బాట పడుతున్నాయి. 2019లో మొదలైన రైతు భరోసాలో భూమిలేని మైనారిటీ కౌలుదారులకు కూడా 13,500 రూపాయలకు అర్హత కల్పించారు. హక్కు వచ్చింది, కానీ దానికి కౌలు కార్డు కావలసి వచ్చింది.

2011 నాటి చట్టం కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చింది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందంపై యజమాని సంతకం కోరింది. యజమాని హక్కుకు భంగం లేదని ఆ చట్టమే చెబుతున్నా, భూమి పోతుందేమోనన్న భయంతో పలువురు సంతకానికి వెనుకాడుతున్నారు. నేను గుమాస్తాగా ఉన్న రోజులలో పంట నష్టం జాబితా వ్రాసేటప్పుడు, ఎండిన చేనిలో నిలబడినవాడు ఒకడు, జాబితాకు ఎక్కిన పేరు మరొకరిది. ఆ రోజు నా కలం నిబంధనను దాటలేకపోయింది. ఆ వెలితి నేటికీ నాతోనే ఉంది.

కాబట్టి ప్రభుత్వాన్ని కోరేది ఒకటే: యజమాని సంతకం దొరకనప్పుడు గ్రామసభ విచారణతోనైనా సాగుదారుని గుర్తించాలి. మన వైపు నుండి కూడా దిద్దుకోవలసినది ఉంది. భూమిని కౌలుకిచ్చే ముస్లిం యజమానులు, వక్ఫ్ భూములను చూసే ముతవల్లీలు ముందుగా సంతకం చేసి, కౌలు సొమ్ముకు రశీదు ఇవ్వాలి. మన ఇంట చేయనిది ఇతరులను అడిగే నైతికత మనకు ఉండదు.

ఇక యువకులకు ఒక మనవి. ఖరీఫు విత్తనం పడకముందే, ఒక జుమా నమాజు తరువాత మస్జిదు వరండాలో కూర్చుని ఊరిలోని కౌలుదారుల పేర్లు వ్రాయండి. మతం చూడకండి, కౌలుదారుడు ఎవరైనా అతని కష్టం ఒక్కటే. వారిని సచివాలయానికి తోడ్కొని వెళ్లి కార్డుకు దరఖాస్తు చేయించండి. పంట వేశాక రైతు సేవా కేంద్రంలో ఈ-పంట నమోదు ఎవరి పేరున జరిగిందో చదివి చెప్పండి. చదువుకున్నవారు ఒక్క పూట వెచ్చిస్తే, ఒక కుటుంబం ఏడాదంతా తన హక్కుతో నిలబడగలదు.